పులిబొమ్మ తూటాలు

మా సహకార బ్యాంకు తుపాకి ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క మనిషిని గాయపరచలేదు, ఒక్క దొంగను ఆపలేదు, ఒక్క రోజు సెలవు అడగలేదు. దాన్ని చూసి భయపడినవి కోతులు మాత్రమే. ఈ మధ్య అవి కూడా మానేశాయి.

ఏడాదికోసారి దాన్ని పరీక్షించాలని నియమం ఉంది. నియమం తప్పే అలవాటు మాకు లేదు. బీరువా తెరిచి తుపాకిని చూసేవాళ్లం, తూటాలను చూసేవాళ్లం, "పరీక్షించబడినది, సంతృప్తికరం" అని రాసి బీరువా మూసేవాళ్లం. కాగితం మీద ఏ తూటా తుస్సుమనదు. ఆ కాగితం కింద తొమ్మిదేళ్లుగా ఉన్న సంతకం నాదే. నా పేరు రాంచందర్, సిద్దిపేట శాఖలో అసిస్టెంట్ మేనేజర్ని. తుపాకి బీరువా తాళం చెవి నా దగ్గర ఉంటుంది. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలున్నాయి.

ఈ ఏడు మాకు గార్డును పంపే సెక్యూరిటీ ఏజెన్సీకి ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. ఎక్కడో వేరే రాష్ట్రంలో బ్యాంకులోకి దొంగ వచ్చాడట, గార్డు తుపాకి ఎత్తాడట, తుపాకి టక్కుమని ఊరుకుందట. దొంగే జాలిపడి నెమ్మదిగా వెళ్లిపోయాడని కూడా ఒక కథనం. దాంతో ప్రతి గార్డూ ఫైరింగ్ రేంజికి వచ్చి అధికారి ఎదుట ఐదు తూటాలు పేల్చి చూపించాలని, ఐదూ పేలితేనే సర్టిఫికెట్టని, సర్టిఫికెట్టు లేని గార్డుకు జనవరి నుంచి డ్యూటీ ఉండదని ఉత్తర్వు వచ్చింది. తూటా పేలకపోతే గార్డును మారుస్తారన్నమాట. బల్బు మాడితే ఇంటాయన్ని మార్చినట్టు.

మా గార్డు భూపతి. ఇబ్రహీంపూర్ మనిషి. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి తొమ్మిదేళ్లుగా మా గేటు దగ్గర ఉంటున్నాడు. ఆయన కోసం ఒక స్టూలు వేశాం గానీ ఆయన ఎప్పుడూ నిలబడే ఉంటాడు. స్టూలు మీద పింఛను కోసం వచ్చిన ముసలమ్మలు కూర్చుంటారు. వయసు యాభై మూడు. యాభై దాటినవాణ్ని ఇంకే ఏజెన్సీ కొత్తగా తీసుకోదు. కాబట్టి ఆ ఐదు తూటాలే ఆయన ఉద్యోగం.

ఇక తూటాల సంగతి. రెండేళ్ల క్రితం పాతవాటికి కాలం తీరిందని కొత్తవి కొన్నాం. కొన్నది మా మేనేజరు సాయిప్రసాద్. ముప్పై ఎనిమిదేళ్లవాడు, చురుకైనవాడు. ఏది కొన్నా మూడు కొటేషన్లు తెప్పించి అన్నిటికంటే తక్కువదాన్ని తీసుకుంటాడు. కుర్చీలు, స్టాంపు ప్యాడ్లు, ఫినాయిలు, తూటాలు, అన్నిటికీ ఒకటే న్యాయం. ఆ కుర్చీల్లో రెండు ఇప్పటికే పక్కకు ఒరిగాయి. తూటాల పెట్టె మీద మాత్రం దూకుతున్న పులి బొమ్మ ఉంది. ప్రీమియం అని ఒకవైపు, అల్ట్రా రిలయబుల్ అని ఇంకోవైపు బంగారు రంగులో రాసి ఉంది. ఎప్పుడు తయారయ్యాయో చెప్పవలసిన చోట సిరా అలికి ఉంది. ఎక్కడ తయారయ్యాయో ఆ పులికే తెలియాలి. పాతికలో పదిహేను భూపతి నడుము బెల్టులోకి వెళ్లాయి, పది పెట్టెలోనే ఉండిపోయాయి. సగం ధరకే తెచ్చినందుకు సాయిప్రసాద్‌కు హెడ్డాఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి తన టేబులు వెనక పెట్టుకున్నాడు. ఫ్రేముకు కూడా మూడు కొటేషన్లు తెప్పించాడేమో నేను అడగలేదు.

నవంబరులో ఒక శనివారం పరీక్ష. తుపాకిని, తూటాలను, భూపతిని, సాక్షిగా నన్ను ఒకే ఆటోలో ఎక్కించి పంపారు. ఆటో డ్రైవరు దారి పొడవునా అద్దంలో మా వైపే చూశాడు గానీ దిగాక కిరాయి దగ్గర పేచీ పెట్టలేదు. అదొక సుఖం.

ఊరి బయట గుట్ట కింద రేంజి. ఒకవైపు ఎత్తుగా పోసిన మట్టికట్ట, దాని ముందు అట్టల మీద గుండ్రటి గీతలు. అప్పటికే పన్నెండు మంది గార్డులు వరుస కట్టి ఉన్నారు. ఏజెన్సీ అధికారి సుధాకర్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని చేతిలో ప్యాడు పట్టుకుని ఉన్నాడు. మధ్యాహ్నం ఏదో పెళ్లికి పోవాలని రాగానే అందరికీ చెప్పాడు. అంటే ఆ రోజు పరీక్ష తుపాకులకు కాదు, గడియారానికి.

మాది ఒంటి గొట్టం తుపాకి. ఒకసారికి ఒకటే తూటా. భూపతి బెల్టులోంచి ఒకటి తీసి పెట్టి, భుజానికి ఆనించుకున్నాడు.

"ఫైర్!" అన్నాడు సుధాకర్.

టక్.

అంతే. గుట్ట మీద పిట్ట కూడా లేవలేదు. భూపతి తుపాకి దించలేదు. గొట్టం మట్టికట్ట వైపే ఉంచి బొమ్మలా నిలబడ్డాడు.

"ఏమైందయ్యా? తెరిచి ఇంకోటి పెట్టు," అన్నాడు సుధాకర్.

"ఆగున్రి సార్. కొన్ని తూటలు ఆలిశంగ పేల్తయి. తెరిచినంక పేలిందనుకో, మొకం మీదికొస్తది."

"ఎంతసేపు ఆగాలె?"

"అరనిమిషం. లెక్కవెడుతున్న."

వెనక వరుసలోంచి ఒకడు అరిచాడు. "భూపతన్నా, పండుకున్నవా? చాయ్ తెప్పియ్యాల్నా?"

భూపతి ముప్పై దాకా లెక్కపెట్టి, మెల్లగా తెరిచి, ఆ తూటాను పక్కన పెట్టాడు. రెండోది పెట్టాడు. టక్. మళ్లీ ముప్పై లెక్క. సుధాకర్ గడియారం వైపు చూశాడు. మూడోది పేలింది. దాని మోతకు నాకు చెవులు గింగురుమన్నాయి. అట్ట మీద చిల్లులు పడ్డాయి. ఉద్యోగంలో మొదటిసారి మా తుపాకి తుపాకిలా ప్రవర్తించింది. నాకు నిజంగానే సంతోషమేసింది.

నాలుగోది "ఫుస్" అంది. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు. గొట్టం కొసన కాస్త పొగ కనబడింది. అట్టకు ఏమీ కాలేదు. గార్డులందరూ ఘొల్లున నవ్వారు.

"సరే సరే, ఐదోది కానియ్," అన్నాడు సుధాకర్.

భూపతి మళ్లీ ఆగాడు, తెరిచాడు, ఖాళీ తూటా తీశాడు. కొత్తది పెట్టలేదు. తుపాకిని ఆకాశం వైపు ఎత్తి, వెనక నుంచి గొట్టంలోకి ఒక కన్నుతో చూశాడు.

"ఎలుతురు కనవడ్తలేదు సార్," అన్నాడు.

"ఏం ఎలుతురు?"

"గొట్టం నడుమ బిరడ ఇరికింది. ఐదోది కొట్టరాదు."

తూటాలో మందుకూ గుండ్లకూ మధ్య ఒక ప్లాస్టిక్ బిరడా ఉంటుంది. మందు సరిగ్గా అంటుకుంటే అన్నీ కలిసి బయటికి పోతాయి. సగం సగం అంటుకుంటే బిరడా గొట్టం మధ్యలో కూర్చుంటుంది. దాని వెనక ఇంకో తూటా పేలిస్తే ఆ మందుకు దారి దొరకదు. గొట్టం చీలుతుంది, పట్టుకున్న చేతితో సహా. ఇదంతా నాకు ఆ రోజే తెలిసింది. సుధాకర్‌కు ఆ రోజు కూడా తెలియలేదు.

"ముందటిది ఇరుక్కుంటే ఎనకది నూకదా? ఇంకోటి కొట్టు, గదే పోతది."

"పోతది సార్. గది పోతది, దాంతోటి నా చెయ్యి గూడ పోతది."

"గట్లయితే కడ్డీ పెట్టి తియ్యి."

గొట్టం శుభ్రం చేసే కడ్డీ మేం తేలేదు. అది బ్యాంకులో ఉంది. మా స్వీపరు కొమురవ్వ దాని కొసకు గుడ్డ కట్టి ఆరు నెలలుగా ఫ్యాన్ల మీద బూజు దులుపుతోంది. ఇరవై రెండేళ్లలో ఆ కడ్డీకి దొరికిన మొదటి పని అది.

"అయితే పేల్చవా?" అన్నాడు సుధాకర్.

"పేల్చ."

"నేను గట్లనే రాస్కోవాలె మరి."

"రాస్కోన్రి."

రాసుకున్నాడు. ఐదింటిలో ఒకటి, ఫెయిల్. రిమార్కుల గడిలో: గార్డు భయపడి చివరి తూటా పేల్చడానికి నిరాకరించాడు. కింద గార్డు సంతకం, సాక్షి సంతకం. భూపతి కాగితం తీసుకుని మొత్తం చదివాడు. "భయపడి" అన్న మాట మీద వేలు పెట్టాడు.

"ఫెయిలు రాసుకోన్రి సార్. గీ మాట తియ్యున్రి."

"పేల్చలేదు గద నువ్వు? మరేం రాయాలె?"

"పేల్చలేదని రాయున్రి. బుగులు వడ్డనని రాయకున్రి."

"గా గడి ఖాళీగ ఉండొద్దయ్యా. సంతకం పెట్టు, నాకు టైమైతుంది."

భూపతి పెన్ను ముట్టుకోలేదు. అప్పుడు నేను మేనేజరుగారిని అడిగి సంతకం చేస్తామని, వచ్చే వారం దాకా గడువు కావాలని అన్నాను. నాలో ఉన్న ధైర్యమంతా ఆ ఒక్క వాక్యానికే సరిపోయింది. సుధాకర్ పెళ్లికి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు భూపతి ఒక్కటే మాట అన్నాడు. "పదిహేడేండ్లు ఫౌజుల చేసిన సార్. గా మాట ఎవ్వడు రాయలే."

బ్యాంకుకు వచ్చాక కొమురవ్వ దగ్గర కడ్డీ తీసుకుని భూపతి గొట్టంలోకి దించాడు. పాత పేపరు మీదికి బూడిదరంగు బిరడా, దాని వెంట మిరియాల్లా గుండ్లు దొర్లి పడ్డాయి. పక్కనే పేలని రెండు తూటాలను నిలబెట్టాడు. కొమురవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని వంగి చూసింది.

"గీటికి బొట్లున్నయి గద సారూ," అంది.

"ఏం బొట్లు?"

"మీరు వెట్టినయే. దసరాకు. నేనే గద కుంకుమ గిన్నె పట్టుకొని నిలవడ్డ."

తూటా అడుగున ఇత్తడి బిళ్ల, సరిగ్గా దాని నడుమ చిన్న గుండ్రటి టోపీ ఉంటుంది. తుపాకి సుత్తి వచ్చి కొట్టేది దాన్నే. చూసినవాడికి ఎవరికైనా వేలు అక్కడికే పోతుంది, ఎందుకంటే అది అచ్చం నుదురులా ఉంటుంది. ఆ టోపీల మీద ఎర్రటి జిడ్డు నల్లబడి, అంచు సందుల్లోకి ఇంకి ఉంది.

ఇంట్లో ఆయుధపూజ నా భార్య ప్రసూన చేసేది. ఆమె దృష్టిలో ఇంట్లో ఆయుధం కాని వస్తువు లేదు. స్కూటరు, మిక్సీ, గ్యాసు సిలిండరు, నా క్యాలిక్యులేటరు, అన్నిటికీ బొట్లు. పొడి కుంకుమ రాలిపోతుందని ఒక చుక్క నూనెలో రంగరించి పెట్టేది. సిలిండరు వెళ్లిపోయేదాకా బొట్టు చెక్కుచెదిరేది కాదు. ఆమె పోయిన సంవత్సరీకం అయ్యాక వచ్చిన దసరాకు ఇంట్లో ఆ గిన్నె పట్టుకుని ఒక్కణ్నే నిలబడలేక, బ్యాంకులో పూజ నేను చేస్తానన్నాను. బెల్టులోని పదిహేను తూటాలకూ పదిహేను బొట్లు పెట్టాను, ఒక్కొక్క చుక్క నూనెతో. మరుసటి దసరాకు మళ్లీ. చాలా శ్రద్ధగా.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. దెబ్బకు అంటుకునే మందు ఎలా ఉంటుందో, నూనె దాన్ని ఎలా చంపుతుందో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చదువు మనిషికి ఎంత ఉపయోగపడుతుందో చూడండి.

"నీకు తెల్వదా భూపతీ?" అన్నాను.

ఆయన గుండ్లను ఒక్కొక్కటే ఏరుతూ అన్నాడు. "తెల్సు సార్. మొదటి యేడు గుడ్డతోని తుడిచిన. రెండో యేడు మీరు చూసి, అయ్యో బొట్లు చెరిగిపోయినయని మల్ల వెట్టిన్రు."

"ఒక్క మాట చెప్పరాదా?"

"చెప్పాలనే వచ్చిన. పూజ చేసేటప్పుడు మీ మొకం చూసి చెప్పబుద్ధి కాలే. గవి కొట్టే దినమొస్తదని ఎవలనుకున్నరు?"

కొమురవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఇంకేమిటో నేను చూడలేదు.

"ఫుస్సుమన్నది మాత్రం మీ బొట్టు కాద్సార్," అన్నాడు భూపతి. "బొట్టయితే టక్కుమని ఊకుంటది. ఫుస్సుమన్నదంటే లోపటి మందే కరాబు."

అది నిజమో, నా ముఖం చూసి మళ్లీ ఏదో దాచాడో తెలియలేదు. ఒకసారి దాచి ఆయన ఉద్యోగం మీదికి తెచ్చుకున్నాడు. రెండోసారి దాచనివ్వకూడదనుకున్నాను.

సోమవారం పొద్దున సాయిప్రసాద్ గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"సంతకం పెట్టెయ్యున్రి రాంచందర్ సార్. ఏజెన్సోల్లు ఇంకో గార్డును పంపుతరు. పడుసు పిలగాడొస్తడు."

"తూటలు గవే ఉంటయి గద?"

"పడుసోడు కొడ్తడు తియ్యి."

"కొడ్తడు. గదే నా బుగులు."

"మీరిప్పుడు ఏమంటరు? నాకేమన్న తుపాకులు తెలుసా? మూడు కొటేషన్లు చూసిన, తక్కువది తీసుకున్న. రూలే గట్లున్నది."

"మిమ్మల్ని అంటలేను. శనివారం భూపతి ఐదోది కొట్టి ఉంటే ఇయ్యాల దవాఖానల ఉంటుండె. పోలీసోల్లు వచ్చి రెండే అడుగుతుండ్రి. బొట్లు పెట్టింది ఎవలు, తూటలు కొన్నది ఎవలు. మొదటిది నేను. రెండోది మీరు. మనిద్దరిని కాపాడినోన్నే మనం తీసేస్తున్నం."

సాయిప్రసాద్ తల తిప్పి వెనక ఫ్రేము వైపు చూశాడు. అతను చెడ్డవాడు కాదు. తక్కువ ధరను దేవుణ్ని నమ్మినట్టు నమ్మినవాడు, అంతే. మళ్లీ పరీక్ష పెట్టాలని ఏజెన్సీకి ఉత్తరం రాయమన్నాడు. హైదరాబాదు వెళ్లి మంచి తూటాలు ఒక పెట్టె తెమ్మని, కొటేషన్లు లేకుండా, సంతకం చేశాడు. సంతకానికి ముందు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అలవాటు లేని పని కదా.

మరునాడే బ్యాంకు లైసెన్సు, పులి పెట్టె, తూటాల బెల్టు పట్టుకుని భూపతి, నేను బస్సెక్కాం. మధ్యాహ్నానికి తుపాకుల దుకాణంలో ఉన్నాం. లోపల బల్ల వెనక ఒక ముసలాయన. మా పులి పెట్టెను తిప్పి తిప్పి చూసి, పెంపుడు పిల్లిని దించినట్టు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"సస్తా మాలు, చవక సరుకు," అన్నాడు.

"అంటే మోసమా?" అన్నాను.

"మోసం ఎందుకైతది? అట్టలను కొట్టి ఆడుకునేటోల్లు రోజుకు నూరు కొడ్తరు. అండ్ల రెండు తుస్సుమంటే నవ్వి ఊకుంటరు. గొట్టం చూసుకుంటరు, ఇంకోటి పెడ్తరు. గసుంటోల్లకు గిదే మంచిది. మీ గార్డు జిందగీల కొడితే కొట్టేది ఒక్కటి. గా ఒక్కటే తుస్సుమంటే ఏం జేస్తడు? దొంగను పట్టుకొని ముప్పై లెక్కపెట్టుమంటడా?"

భూపతి నవ్వాడు. శనివారం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

ముసలాయన బెల్టులోని తూటా ఒకటి తీసుకుని వెనక్కి తిప్పాడు. బొట్టు చూశాడు. నా వైపు చూశాడు. లోపలి నుంచి వేరే పెట్టె తెచ్చి ఇచ్చాడు. దాని మీద బొమ్మ లేదు, బంగారు రంగు లేదు. తయారైన నెల, సంవత్సరం మాత్రం అర్థమయ్యేలా ఉన్నాయి. డబ్బు తీసుకుంటూ, "గీటికి నెత్తి మీద చెయ్యి పెట్టి దండం పెట్టుకోన్రి సాలు," అన్నాడు.

గురువారం మళ్లీ రేంజి. ఈసారి కడ్డీ మాతో వచ్చింది. కొమురవ్వ గుడ్డ విప్పి, తడిపి తుడిచి, "మల్ల తెచ్చియ్యున్రి, ఫ్యాన్లు సగమే అయినయి," అని షరతు పెట్టి ఇచ్చింది. సుధాకర్‌కు ఆ రోజు పెళ్లిళ్లు లేవు. వరుసలో వేరే బ్యాంకుల గార్డులు ఆరుగురున్నారు. శనివారం కథ వాళ్లందరికీ అప్పటికే చేరింది. "బుగులు భూపతన్న వచ్చిండు" అని ఒకడు పక్కవాడి చెవిలో అన్నది మాకు వినబడేలాగే అన్నాడు.

మొదట కొత్త పెట్టెలోవి ఐదు. ఐదూ పేలాయి. మధ్యలో ఆగడాలు, లెక్కలు ఏమీ లేవు. అట్ట మధ్యభాగం జల్లెడలా అయింది. చెవిలో మాట్లాడినవాడు చేతులు కట్టుకున్నాడు.

సుధాకర్ పాస్ అని రాయబోయాడు. "ఇంకొక్కటుంది సార్," అన్నాను. "పులిబొమ్మ పెట్టెలో పది మిగిలినయి. వీటికి బొట్లు లేవు. శనివారం తప్పు నాదా, తూటలదా తెలియాలె."

"మీదెందుకైతది?"

చెప్పాను. ఆరుగురు గార్డులు, ఒక అధికారి, ఒక ఆటో డ్రైవరు విన్నారు. బొట్లు, నూనె, రెండు దసరాలు. ప్రసూన పేరు మాత్రం చెప్పలేదు. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు గార్డులు పక్కకు తిరిగి తమ బెల్టుల్లోంచి ఒక్కో తూటా పైకి లాగి వెనక్కి తిప్పి చూసుకున్నారు. ఒకడు బొటనవేలితో రుద్దాడు. "మాకు పసుపు గూడ పెట్టిన్రు గదరా," అని గొణిగాడు.

"కొడ్తవా భూపతీ? ఇష్టం లేకుంటే వద్దు," అన్నాను.

"కడ్డీ చేతిల ఉన్నది గద సార్. ఒక్కొక్కటి కొట్టి ఒక్కొక్కసారి చూస్త."

బొట్టు లేని పులి తూటాలు ఒకటి, రెండు, మూడు పేలాయి. ప్రతి దాని తర్వాత భూపతి గొట్టం ఎత్తి ఆకాశాన్ని చూశాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. తూటాలు మంచివే అయితే తప్పంతా నాదే, ఆ ఫుస్సుతో సహా. నిజం తెలుసుకోవాలని నేనే పట్టుబట్టాను, ఇప్పుడు ఒక్కటైనా పాడవ్వాలని లోలోపల మొక్కుకుంటున్నాను. మనిషి ఎంత నిజాయితీపరుడో తెలుసుకోవడానికి ఫైరింగ్ రేంజి మంచి చోటు.

ఎనిమిదోది "ఫుస్" అంది.

"ఆగు! ఆగయ్యా, ఇంకోటి పెట్టకు! తెరువు, చూడు!" అని అరిచినవాడు సుధాకర్.

భూపతి ముప్పై లెక్కపెట్టి తెరిచాడు. ఖాళీ తూటా తీసేసి, తుపాకిని అలాగే సుధాకర్‌కు అందించాడు. సుధాకర్ నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, తుపాకిని ఎత్తి, వెనక నుంచి గొట్టంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం కనవడ్తలేదు," అన్నాడు చివరికి.

"శనివారం నాకు గూడ గంతే కనవడ్డది సార్," అన్నాడు భూపతి.

మిగిలిన రెండూ పేల్చలేదు. ఇక తెలుసుకోవలసింది ఏమీ లేదు. టక్కులు రెండూ నావి, ఫుస్సు పులిది. నేను రెండు పేజీల రిపోర్టు రాసి అందులో అదే మాట పెట్టాను. తర్వాత హెడ్డాఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. బ్యాంకు ఆస్తికి నూనె పూయడానికి ఎవరి అనుమతి తీసుకున్నావని అడిగారు. ఎవరి అనుమతీ లేదని జవాబు రాశాను. సాయిప్రసాద్‌కు ఇచ్చిన మెచ్చుకోలు ఉత్తరాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి హెడ్డాఫీసులో లేదట. అతనే ఫ్రేము దించి బీరువాలో పెట్టాడు. పులి తూటాలను అప్పగించడానికి పోలీసు స్టేషనుకు తనే స్వయంగా వెళ్లాడు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు గుట్ట కింద సుధాకర్ శనివారం నాటి ఫారం బయటికి తీశాడు. దాన్ని మోకాలి మీద పెట్టుకుని పెన్ను టోపీ తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"కొట్టేస్త సరే. కొట్టేసిన చోట ఏదన్న రాయాలె. గడి ఖాళీ ఉంటే కంప్యూటర్ తీసుకోదు," అన్నాడు.

"గొట్టం చూసిండని రాయున్రి," అన్నాను.

"గంతేనా?"

"గంతే అయ్యింది గద సార్," అన్నాడు భూపతి.

సుధాకర్ "భయపడి" మీద రెండు గీతలు గీశాడు. పైన చిన్న అక్షరాల్లో రాశాడు: గార్డు గొట్టంలో అడ్డు గమనించి కాల్పులు ఆపాడు. పక్కన తన పొడి సంతకం పెట్టాడు. కొత్త ఫారంలో పాస్ అని రాసి, రెండూ కలిపి నాకిచ్చాడు. నేను సాక్షి చోట సంతకం చేసి భూపతికి అందించాను.

భూపతి కొట్టేసిన మాటను మరోసారి చూశాడు. ఆటో సీటు మీద కాగితం పరిచి, గాలికి ఎగరకుండా ఎడమ చేతిని దాని మీద వెడల్పుగా ఆనించి, కుడి చేత్తో తొందర లేకుండా తన పూర్తి పేరు రాశాడు.